చుట్టరికం క్రియల్లో ఉంది

రండి, ఇటు జరగండి, నెగడుకి కాస్త దగ్గరగా కూర్చోండి. ములకలపల్లి చలి మీకు అలవాటుండదు. చుట్టూ అడివి కదా, మార్గశిరం వచ్చిందంటే పొద్దుగూకగానే చేతులు మంటను వెతుక్కుంటాయి. ఇక్కడ నెగడు వేశామంటే నాలుగిళ్లవాళ్లు చేరతారు, వాళ్లతోపాటు రెండుమూడు భాషలూ చేరతాయి. మావైపు సంతలో ఓ గంట నిలబడి చూడండి. తెలుగు, కోయ, లంబాడీ అన్నీ చెవిన పడతాయి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ గొడవలకు తాళలేక ఇటు వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల మాట కూడా వినిపిస్తుంది. ఇవాళ మీకు చెప్పాలనుకున్న కబురు కోయ మాట గురించి. అందులోనూ క్రియల గురించి.

క్రియలే ఎందుకు అంటారా? నామవాచకాలు సంతసరుకు లాంటివండీ. ఎవరి దగ్గర కొత్తది కనబడితే వాళ్ల దగ్గర తెచ్చేసుకుంటాం. సబ్బు, రేడియో, సెల్‌ఫోను, ఆధార్ కార్డు ఏ భాషలోకైనా ఇట్టే దూరిపోతాయి. తినడం, తాగడం, రావడం, ఇవ్వడం, చూడడం, ఉండడం అట్లా కాదు. అవి పసితనంలో అమ్మ నోట విని నేర్చినవి, రోజుకి వందసార్లు నోట్లో నలిగేవి. వాటికి అరువు మాట అంత తేలిగ్గా అతకదు. అందుకే రెండు భాషలు అయినవాళ్లా కానివాళ్లా అని తేల్చుకోవాలంటే ముందు క్రియల్నే అడగాలి.

ఈ అడగడం మావైపు చాలా అవసరం. ఎందుకంటే కోయ అంటే వచ్చీరాని తెలుగు అనుకునే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. తెలుగునే అడవిలో వంకర చేసి మాట్లాడుతున్నారని వాళ్ల నమ్మకం. లిపి లేదు గనక అది భాషే కాదనేవాళ్లు ఇంకొందరు. రెండూ తప్పే. ఆ మాటలు బడిలో పిల్లల ముందు అంటే మరీ తప్పు. కోయకి తెలుగుతో పోలికలు ఉన్నమాట నిజమే. అవి ఒక తల్లి బిడ్డల మధ్య ఉండే పోలికలు.

ఈ సంగతి పట్టి చూపినవారిలో ముందు చెప్పుకోవలసింది భద్రిరాజు కృష్ణమూర్తిగారిని. ఒంగోలులో పుట్టిన ఈయన తెలుగు ధాతువుల మీద పరిశోధన చేసి 1961లో ‘తెలుగు వెర్బల్ బేసెస్’ అనే పుస్తకం అచ్చువేశారు. అంతదాకా తెలుగుని తమిళ, కన్నడాల పక్కన కూర్చోబెట్టేవారు. తెలుగుకి అంతకన్నా దగ్గరివాళ్లు గోండి, కొండ, కుయి, కువి లాంటి అడవి భాషలని ఆయన క్రియాధాతువుల్ని, ధ్వనుల మార్పుల్ని పక్కపక్కన పెట్టి చూపించారు. గోండి వెంట కోయ వస్తుంది. పండితులు చాలామంది కోయని గోండిలో ఒక యాసగానే లెక్కిస్తారు. దక్షిణ మధ్య ద్రావిడ శాఖ అని మనం ఇప్పుడు అనేది ఈ గుంపునే. మన పక్క గూడెంలో మాట్లాడే భాష తెలుగుకి తమిళం కన్నా దగ్గరి చుట్టం అన్నమాట. ఈ ముక్క మన పదో తరగతి తెలుగు వాచకంలో ఉండవలసినది.

సరే, ఇక ధాతువుల్లోకి దిగుదాం. ఒక మాట ముందే చెప్పేస్తాను. కోయ పలుకు గొమ్ము కోయలకు ఒకలా, గుట్ట కోయలకు ఒకలా, ఊరూరికీ కాస్త తేడాగా ఉంటుంది. గొమ్ము అంటే గోదావరి ఒడ్డు. నేను చెప్పేవాటిని ధాతువులుగా పట్టుకోండి, ఒక్కో నోట కాస్త అటూ ఇటూ అవుతాయి.

తేలికైనదానితో మొదలుపెడతాను. తిను. కోయలోనూ ధాతువు ‘తిన్’. వాడు తిన్నాడు అనడానికి ‘తిత్తోండు’. చివర ఆ ‘ఓండు’ చూశారా? అది వాడు. మన ‘వాడు’కి పాత రాతలో మధ్య అరసున్న ఉండేది, ‘వాఁడు’ అని. ఆ అరసున్న ఒకప్పుడు నిండుగా పలికిన అనునాసికం తాలూకు గుర్తు. మన నోట పోయిన ఆ ముక్కుపలుకు కోయలో ‘ఓండు’లో నిక్షేపంగా ఉంది. వాడు వచ్చాడు అనడానికి ‘వత్తోండు’. మన రాకకి ధాతువు ‘వచ్చు’ అంటాం గానీ పిలిచేటప్పుడు ‘రా’ అంటాం. ఈ రెండింటికీ పొంతన ఏమిటని చిన్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. గోండిలో పిలుపు ‘వరా’. అక్కడ వకారం, రేఫం రెండూ ఉన్నాయి. తెలుగులో మధ్యనున్న రేఫం ముందుకు జరిగి ‘వ్రా’ అయింది, తర్వాత వకారం జారి ‘రా’ మిగిలింది. వ్యాకరణంలో మనం కంఠతా పట్టే అపవాదానికి కారణం పక్క భాషని అడిగితే దొరికింది.

తర్వాత ‘ఉణ్’. కోయలో, గోండిలో ఇది తాగడం. తెలుగులో మనం తాగుతాం, తమిళులు ‘కుడి’స్తారు. మరి ఈ ‘ఉణ్’ ఎక్కడిది? బెంగుళూరు వెళ్లినవాళ్లకి ‘ఊట ఆయితా’ అన్న పలకరింపు తెలిసే ఉంటుంది. కన్నడంలో ఊట అంటే భోజనం. తమిళంలో ఉణవు అంటే ఆహారం. ధాతువు ఒక్కటే. అక్కడ అన్నం తినడమైంది, ఇక్కడ తాగడమైంది. జొన్న జావో, చోడి అంబలో కుండలోంచి పోసుకుని తాగే ఇళ్లలో తిండికీ తాగుడుకీ మధ్య గీత అంత గట్టిగా ఉండదు. వేసవిలో అంబలి తాగి పనికి వెళ్లిన మనిషి ఏం తిన్నావంటే అంబలే చెబుతాడు. తిండినీ తాగుడినీ కలిపి చెప్పగల ధాతువు ఒక్కోచోట ఒక్కో వైపు ఒరిగింది.

తాగేది నీళ్లయితే కోయలో ‘ఏర్’. మనకి ఏరు పారే నీరు, ఊరి పక్కన ఉండేది. పాత రాతలో బండి ఱ పెట్టి ‘ఏఱు’ అని రాసేవారు. గోండిలో ఏర్ అంటే కుండలో నీళ్లు కూడా. కుయిలో అదే మాట ‘ఏజు’. తమిళంలో ఆఱు అంటే నది. మన ‘ఏ’కి వాళ్ల ‘ఆ’ ఎదురుగా నిలబడింది చూశారా? ఇది ఒక్క మాటతో ఆగదు. మనకి ఏనుగు, తమిళులకి యానై, ఆనై. మనకి సంవత్సరం ఏడు, ఏడాది, వాళ్లకి ఆండు. మూలభాషలో మొదట ‘యా’ ఉండేదని పండితుల నిర్ణయం. ఆ ‘యా’ తమిళంలో ‘ఆ’ అయింది, మన శాఖలో ‘ఏ’ అయింది.

ఇప్పుడు అసలు తమాషా. ఆట ఆడడానికి మన ధాతువు ‘ఆడు’. తమిళంలోనూ ఆడు. ఇక్కడ తెలుగు ‘ఏ’ వైపు రాలేదు. గోండి, కోయలు వచ్చాయి. వాళ్లకి నాట్యమాడడం ‘ఏండ్’. మావైపు పెళ్లిళ్లలో, కొలుపుల్లో కోయలు అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని డోళ్లు వాయిస్తూ ఆడే ఆట మీరు సినిమాల్లోనో ప్రభుత్వ ఉత్సవాల్లోనో చూసే ఉంటారు. దాన్ని పెర్మకోక్ ఆట అంటారు. పెర్మ అంటే అడవిదున్న, కోక్ అంటే కొమ్ములు. ఆ ఆటని ఇంకోసారి చూసినప్పుడు కాళ్ల కింద లయతోపాటు ఆ ధాతువు కూడా గుర్తు చేసుకోండి. ఏనుగునీ ఏటినీ ఏడాదినీ మార్చిన ధ్వనిసూత్రమే అందులోనూ ఉంది.

ఇంకొంచెం కట్టె వేయండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ధాతువు ఇప్పుడు వస్తోంది. ‘మన్’.

కోయలో ఉండడం ‘మన్’. వాడు ఇంట్లో ఉన్నాడా, కుండలో నీళ్లు ఉన్నాయా, చెట్టు కింద ఎవరున్నారు, అన్నిటికీ ఇదే ధాతువు. వాడు ఉండేవాడు అంటే ‘మత్తోండు’. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా కోయ మనిషి ఈ ధాతువు లేకుండా మాట్లాడలేడు. తెలుగులో దీని సంగతి ఏమిటి? ‘మను’ అని ఉంది, జీవించు అని అర్థం. మనుగడ అంటాం, మనికి అంటాం, కావ్యాల్లో మనుచు కనబడుతుంది. చెప్పులు కొనేటప్పుడు మన్నుతాయా అని అడుగుతాం, బట్టకి మన్నిక ఉందా అని చూస్తాం. అంతే, మిగతా చోట్ల దాన్ని ‘ఉండు’ తరిమేసింది. మనకి పండితుల నోట్లోనూ చెప్పుల కొట్లోనూ మాత్రమే మిగిలిన ధాతువు పక్క గూడెంలో పిల్లలూ పెద్దలూ రోజంతా పలికే మాటగా బతికి ఉంది. గోండిలోనూ అదే, కుయిలోనూ అదే. భాష మనుగడ గురించి సభలు పెట్టేవాళ్లం, ఆ మనుగడ ధాతువు ఇంటిమాటగా ఎక్కడ నిలిచిందో తెలుసుకోకపోతే ఎట్లా?

ఇవ్వడం సంగతీ ఇంతే. మన ‘ఇచ్చు’కి అసలు రూపం ‘ఈ’. ఈయడం, ఈవి అన్నవి దాని బిడ్డలు. ఈవి అంటే దానగుణం. గోండి యాసల్లో ఈ ధాతువుని వెంబడిస్తే ఒక దారి కనిపిస్తుంది. పడమటి, ఉత్తరపు గోండుల నోట అది ‘సీ’. మధ్యకి వస్తే ‘హీ’. దక్షిణానికి, కొండ మారియా గోండుల, కోయల వైపు వచ్చేసరికి మొదటి హల్లు కూడా పోయి ‘ఈ’. ఉప్పు ఒకచోట ‘సోవర్’, ఒకచోట ‘హోవర్’, ఇటు ‘ఓవర్’. ఆరుని లెక్కపెట్టేటప్పుడు ‘సారూంగ్’, ‘హారూంగ్’, ‘ఆరూంగ్’. సకారం హకారమై, హకారం గాలిలో కలిసిపోయింది. మాట తర్వాత మాటగా, ఊరి తర్వాత ఊరుగా ఈ మార్పు ఎలా పాకిందో కృష్ణమూర్తిగారే 1998లో ఒక పరిశోధన వ్యాసంలో లెక్కగట్టి చూపించారు. ధ్వనిమార్పు ఒక్కరోజులో అన్ని మాటలనూ మింగదనీ, మాటల మీదుగా నెమ్మదిగా పాకుతూ చివరికి నియమంగా స్థిరపడుతుందనీ ఆయన తేల్చారు. ప్రపంచంలో భాషాశాస్త్రజ్ఞులు తలలు బద్దలు కొట్టుకునే ప్రశ్నకి సాక్ష్యం మన గోండు గూడేల్లో దొరికింది.

‘చూడు’ని తీసుకోండి, మీ నోటితోనే పరీక్ష చేయొచ్చు. పుస్తకంలో చూడు. తెలంగాణ పల్లెలో సూడు. గోండి యాసల్లో ‘సూడ్’, కాస్త జరిగితే ‘హూడ్’, కోయ వైపుకి ‘ఊడ్’. నెమ్మదిగా పలికి చూడండి. చ నుంచి స, స నుంచి హ, హ నుంచి ఉత్త అచ్చు. నాలుక పని తగ్గుతూ వచ్చి చివరికి ఊపిరి కూడా మిగల్లేదు. సూడు అన్న పిల్లవాణ్ణి బడిలో దిద్దే మేష్టర్లకి ఈ మెట్లు ఒకసారి చూపించాలని నాకు చాలా కోరిక. వాడి నోట్లో జరిగింది తప్పు పలుకు కాదు, వేల ఏళ్లుగా ఈ నేలమీద జరుగుతున్న పని.

అన్నిచోట్లా కోయే మారింది, తెలుగు నిలిచింది అనుకోవద్దు. ఎదురు కూడా ఉంది. మన చేయి గోండి, కోయల్లో ‘కయ్’. మన చెవి వాళ్లకి ‘కెవి’. కన్నడిగులకీ కై, కివి. మూలంలో ఉన్నది కకారమే. తెలుగులో ఇ, ఎ అచ్చుల ముందు కకారం చకారమైపోయింది. కోయ పాతదాన్ని పట్టుకుంది. వినడానికి వాళ్ల ధాతువు ‘కేంజ్’. తమిళం ‘కేళ్’, కన్నడం ‘కేళు’ దీనికి తోబుట్టువులు. అనడానికి మన ధాతువు ‘అను’, వాళ్లది ‘ఇన్’, తమిళులది ‘ఎన్’. తెలియడానికి వాళ్లు ‘పున్’ అంటారు. గోండి, కుయి, కువి, పెంగో అన్నీ ఆ ‘పున్’నే వాడతాయి. అక్కాచెల్లెళ్లు అమ్మ నగలు పంచుకున్నాక ఎవరి దగ్గర ఏది ఉందో చూసుకోవడంలో ఒక సంతోషం ఉంటుంది.

వ్యాకరణంలో కూడా ఈ చుట్టరికం నిలువునా కనిపిస్తుంది. ఆవిడ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. మనకి మూడింటికీ ఒకటే క్రియ. తమిళ, కన్నడాల్లో ఆడవాళ్లకి వేరే రూపం ఉంది. గోండి, కోయలు మాత్రం ఏకవచనంలో మనలాగే ఆడవాళ్లనీ మనుషులు కానివాటినీ ఒకే క్రియతో చెబుతాయి. ఇది సంతలో అరువు తెచ్చుకునే సరుకు కాదు.

మరి ఈ భాషని ఎవరైనా రాసిపెట్టారా అంటే, దూరంనుంచి వచ్చినవాళ్లు ముందు రాశారు. భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో మిషనరీగా ఉన్న జాన్ కెయిన్ 1870ల నుంచి కోయల ఆచారాల మీదా మాట మీదా రాస్తూ వచ్చాడు. 1881లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోయల గురించి ఆయన వ్యాసం అచ్చయింది. గ్రియర్సన్ భాషా సర్వే నాలుగో సంపుటం 1906లో వచ్చింది, అందులో కోయ మాటని గోండి కింద చేర్చారు. స్టీఫెన్ టైలర్ అనే అమెరికా పండితుడు గొమ్ము కోయల పలుకు మీద వ్యాకరణం రాసి 1969లో ప్రచురించాడు. బరో, ఎమెనో ఇద్దరూ కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో మొదటిసారి, 1984లో పెంచిన కూర్పుగా వచ్చింది. తెలుగు మాట పుట్టుక వెతికేవాడు ఎవడైనా ఆ నిఘంటువు తెరిస్తే అదే వరసలో గోండి, కోయ మాటలు కూర్చుని ఉంటాయి.

కోయలు తమని తాము కోయితోర్ అనుకుంటారు. గోండులు కూడా కోయితూర్ అనే అనుకుంటారు. గోండు అన్న పేరు బయటివాళ్లు పెట్టింది. ఇట్లాంటిదే ఇంకోచోటా ఉంది. దక్షిణ అమెరికాలో వెనిజులా, బ్రెజిల్ అడవుల్లో ఓరినోకో నది పైపాయల వెంట యెక్వానా అనే జనం ఉంటారు. వాళ్లది కరీబు కుటుంబం భాష. బయటివాళ్లు చాలాకాలం వాళ్లని మకిరితారే అని రాశారు. యెక్వానా అంటే చెట్టు తొలిచిన దోనెల మీద నీటిదారిన తిరిగేవాళ్లని అర్థం చెబుతారు. వాళ్ల సృష్టికథల్ని వతున్న అంటారు. మార్క్ ద సివ్రియో వాటిని సేకరించి 1970లో స్పానిష్‌లో పుస్తకం చేశాడు. గోదావరి ఎక్కడ, ఓరినోకో ఎక్కడ? అయినా అడవిలో ఉన్నవాళ్ల పేరు, మాట, కథ వాళ్ల నోటినుంచే తీసుకోవాలన్న బుద్ధి రావడానికి అక్కడా ఇక్కడా అంతే ఆలస్యమైంది.

మనవైపు అట్లాంటి కథల్ని కోయ డోలీలు నిలబెట్టారు. పడిగె అనే బొమ్మల గుడ్డ పట్టుకుని వంశాల కథలు చెప్పేవాళ్లు వాళ్లు. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారు సమ్మక్క సారలమ్మల కథ కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయారు. ఆయన కంఠంతోపాటు ఎన్ని క్రియారూపాలు, ఎన్ని పాత పలుకులు వెళ్లిపోయాయో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

2011 జనగణనలో కోయ మా అమ్మభాష అని చెప్పినవాళ్లు 4 లక్షల 7 వేల పైచిలుకు. తెలంగాణ, ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నాలుగింట్లో పరుచుకుని ఉన్నారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో కోయ లేదు. సంతాలీ, బోడో 2003 సవరణతో చేరాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గిరిజన పిల్లలకి మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఎనిమిది భాషల్లో కోయ ఉంది. తెలుగు లిపిలోనే వాచకాలు వేశారు. మంచి పని. లిపి ఎవరిదైతేనేం, పిల్లవాడు ఒకటో తరగతిలో మొదటిరోజు తన ఇంటి క్రియని పుస్తకంలో చూసుకుంటే చాలు, బడి తనదనుకుంటాడు. అయినా మావైపు చాలా గూడేల్లో కుర్రకారు తెలుగులోకి మళ్లిపోయారు. అవ్వ కోయలో అడుగుతుంది, మనవడు తెలుగులో జవాబిస్తాడు.

అందుకని మీకొక పని అప్పజెబుతాను. ఏజెన్సీలో ఉద్యోగం చేస్తున్న మేష్టర్లు, నర్సమ్మలు, అంగన్‌వాడీ టీచర్లు, బ్యాంకువాళ్లు, ఇది చదివే మీరంతా ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. కోయ తెలిసిన పెద్దవాళ్లని అడిగి క్రియలు రాసుకోండి. తినడానికి ఏమంటారని ఒక్క మాట అడిగి ఊరుకోవద్దు. నేను తిన్నాను, నువ్వు తిన్నావు, ఆమె తిన్నది, మనం తింటాం, మేం తినం, తినొద్దు, తినిపించు, ఇట్లా వరసగా అడగండి. ధాతువు ఎట్లా వంగుతుందో అప్పుడే తెలుస్తుంది. విత్తడం, కోయడం, ఏరడం, దంచడం, తేనె తీయడం, ఇప్పపువ్వు ఏరుకొచ్చి ఎండబెట్టడం, ఇట్లాంటి పనుల క్రియలు ముందు అడగండి. ఆ పనులు పోతే వాటి మాటలు కూడా పోతాయి. ఏ ఊళ్లో విన్నారో పక్కన రాయండి, ఎందుకంటే ఊరు తెలియని పలుకు సగమే పనికొస్తుంది. ఫోన్లో గొంతు కూడా పట్టి ఉంచండి. చెప్పినవాళ్లని అడిగే పట్టండి, పట్టింది వాళ్లకి వినిపించండి, వాళ్ల మనవలకి ఒక ప్రతి ఇవ్వండి.

వాళ్ల మాటకి మీరు ఉపకారం చేస్తున్నామనుకోకండి. మనుగడ, మన్నిక, ఈవి, రా అన్న మన సొంత మాటలకి జవాబులు ఆ గూడేల్లో ఉన్నాయి. తెలుగు బాగా రావాలనుకునేవాళ్లు సంస్కృతం నేర్చుకుంటారు, మంచిదే. దాంతోపాటు కొంచెం కోయ కూడా నేర్చుకోండి. సంస్కృతం మనకి బరువైన మాటలెన్నో ఇచ్చింది. కోయ మన ఇంటి క్రియల పుట్టుక చెబుతుంది.